ఎక్కిన గేరులోనే దిగాలి

నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఏళ్ల తరబడి బస్సు నడిపాను. రిటైరయ్యాక అదే దారిలో మోటార్‌సైకిల్ మీద తిరుగుతున్నాను. లద్దాఖ్ వెళ్లొచ్చిన కుర్రాళ్లు ఫొటోలు చూపిస్తే నాకూ సంతోషమే. కానీ తెలుగునాట బండి మీద చూడాల్సిన కొండదారి ఒక్కటి చెప్పమంటే మాత్రం లంబసింగి ఘాట్ అనే అంటాను.

నర్సీపట్నంలోనే ట్యాంకు నింపుకోండి. డౌనూరు దాటాక కొండ మొదలవుతుంది. మలుపు మలుపుకీ గాలి చల్లబడుతూ వస్తుంది. లంబసింగి సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంచు రోడ్డు మీదే పరుచుకుంటుంది. అప్పుడు హైబీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకు కొట్టి మన కళ్లలోనే పడుతుంది. డిమ్ లైటుతో నెమ్మదిగా వెళ్లాలి. మంచు విడిచాక తాజంగి జలాశయం, చలికాలం మొదట్లో అయితే వలిసె పూల పసుపు కనిపిస్తాయి.

చింతపల్లి వైపు సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. కాఫీకి నీడ కావాలని పెంచిన చెట్లవి. ఎంత అందమైన నీడైనా, దానివల్లే మలుపుల్లో రోడ్డు తడి ఆరదు. రాలిన ఆకుల మీద గట్టిగా బ్రేకు వేస్తే టైరు జారుతుంది.

ఈ కొండల్లో రోడ్లు ఎవరి చెమటతో పడ్డాయో తెలుసుకుని ఎక్కితే బాగుంటుంది. బ్రిటిష్ కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరిగా కూలి ఇవ్వకుండా గిరిజనులతో రోడ్డు పని చేయించాడు. మన్యం తిరుగుబాటుకు ఆ కడుపుమంట ఒక కారణం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఈ మూడు ఊళ్లూ బండి మీద చుట్టి వస్తే వాళ్ల కాళ్ల సత్తువ ఎంతటిదో అర్థమవుతుంది. రాజుగారి సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది, తప్పకుండా ఆగండి.

ఇక దిగడం. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ అదే ఉండాలి. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు నొక్కిపట్టి దిగితే అది కాలిపోయి, అవసరమైన మలుపులో పట్టదు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మలుపులో బస్సు ఎదురైతే దాని పక్కన సందు వెతక్కండి. బస్సు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, మలుపు లోపలివైపుకి కోసుకొస్తాయి. అక్కడ దూరిన బండి డ్రైవరుకి కనపడదు. ఆ సీట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. మలుపుకి ముందే హారన్ కొట్టండి, ఎడమకి ఒదిగి ఆగండి. ఎక్కే బండికి దిగేవాళ్లే దారివ్వాలి.

చీకటి పడితే ఘాట్ దిగొద్దు. లంబసింగిలోనే ఉండిపోయి, పొద్దున మంచు విడిచాక బయల్దేరండి.