వీపు మీది సంచిలో ఎంత సైన్సు!

నాలుగు కిలోల పుస్తకాలను గుడ్డసంచిలో వేసి, సన్నని తాడుతో భుజానికి తగిలించుకోండి. తరువాత అవే పుస్తకాలను వెడల్పాటి పట్టీలున్న సంచిలో సర్ది వీపుకు తగిలించుకోండి. తక్కెడలో రెండూ ఒకే బరువు తూగుతాయి. కాని మొదటిది భుజాన్ని కోసేస్తుంది, రెండవదానితో హాయిగా నడిచిపోగలం. తక్కెడకు తెలియని తేడా మన శరీరానికి ఎలా తెలిసింది?

బడికి, బస్సు ప్రయాణానికి, పొద్దున్నే పరుగుకు కూడా ఒకే చిన్న వీపుసంచి వాడేవారు ఎందరో ఉన్నారు. కొనేటప్పుడు రంగు చూస్తాం, బొమ్మ చూస్తాం. కాస్త భౌతికశాస్త్రం కూడా చూద్దాం.

పట్టీ వెడల్పు ఎందుకు?

బలాన్ని అది పనిచేసే వైశాల్యంతో భాగిస్తే వచ్చేది పీడనం. భుజం మీద పట్టీ ఆనే పొడవు 10 సెం.మీ. అనుకుందాం. పట్టీ వెడల్పు 2 సెం.మీ. అయితే, రెండు పట్టీల వైశాల్యం 40 చదరపు సెం.మీ. నాలుగు కిలోల బరువుకు ప్రతి చదరపు సెం.మీ. మీద 100 గ్రాములు పడుతుంది. వెడల్పు 5 సెం.మీ. అయితే 40 గ్రాములే. అదే సన్నపట్టీ సంచిని ఒక్క భుజానికే తగిలిస్తే ఏకంగా 200 గ్రాములు! పైగా ఆ బరువును నిలబెట్టడానికి నడుము ఒక పక్కకు వంగుతుంది. అందుకే రెండు పట్టీలూ వేసుకోవాలి.

బరువైనది ఎక్కడ పెట్టాలి?

ఈ చిన్న ప్రయోగం చేయండి. ఒక లావుపాటి నిఘంటువును గుండెకు ఆనించి పట్టుకోండి. ఇప్పుడు చేయి బారుగా చాపి పట్టుకోండి. పుస్తకం అదే, కాని చేయి వణుకుతుంది. బరువును దూరంతో గుణిస్తే వచ్చేదే భ్రామకం. దూరం రెట్టింపయితే భ్రామకం కూడా రెట్టింపవుతుంది.

సంచిలోనూ ఇంతే. బరువు వెన్నెముకకు దూరమైన కొద్దీ మనల్ని వెనక్కు లాగుతుంది. పడిపోకుండా మనం ముందుకు వంగుతాం. వీపు కండరాలు దారి పొడవునా ఆ లాగుడుతో పోరాడుతూనే ఉంటాయి. కాబట్టి బరువైన పుస్తకాలు వీపుకు ఆనుకొని ఉండాలి. తేలికవి బయటి అరలో పెట్టాలి. పట్టీలు బిగించి, సంచి అడుగు నడుము కిందికి జారకుండా చూసుకోవాలి.

పరుగెత్తితే ఏమవుతుంది?

అడుగు అడుగుకూ మన శరీరం పైకి లేచి కిందికి దిగుతుంది. శరీరం కిందికి దిగి మళ్ళీ లేచేటప్పుడు, జడత్వం వల్ల సంచి ఇంకా కిందికే పోవాలని చూస్తుంది. అప్పుడు పట్టీలు దాన్ని ఆపాలి. ఆ క్షణంలో భుజం మీద పడే బలం సంచి అసలు బరువుకంటే ఎంతో ఎక్కువ. సంచి వదులుగా ఉంటే ఆ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. అందుకే పరుగుకు వాడే సంచులకు ఛాతీ మీద, నడుముకు అదనపు పట్టీలుంటాయి. సగం నిండిన నీళ్ళసీసా కూడా లోపల తొణుకుతూ ఊపు పెంచుతుంది.

ఈ ఎగుడుదిగుడు కదలికను ఉపయోగించుకున్నవారూ ఉన్నారు. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లారెన్స్ రోమ్ బృందం బరువును స్ప్రింగులతో వేలాడదీసి, నడిచేటప్పుడు 7 వాట్లకు పైగా విద్యుత్తు నిచ్చే వీపుసంచిని తయారు చేసింది!

ఎంత పెద్ద సంచి?

సంచిని లీటర్లలో కొలుస్తారు. పొడవు 40, వెడల్పు 28, లోతు 15 సెం.మీ. ఉన్న సంచి ఘనపరిమాణం 16,800 ఘన సెం.మీ., అంటే సుమారు 17 లీటర్లు. రోజువారీ పనులకు ఇది చాలు. ఇంకా పెద్దది కొంటే, ఖాళీ ఉంది గదా అని అవసరం లేనివి కూడా అందులో చేరతాయి.

బరువుకు హద్దు

భారత ప్రభుత్వం 2020లో ప్రకటించిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం, బ్యాగు బరువు విద్యార్థి శరీర బరువులో పదో వంతుకు మించరాదు. 6, 7 తరగతులకు 2 నుంచి 3 కిలోలు, 9, 10 తరగతులకు 2.5 నుంచి 4.5 కిలోలు అని అందులో ఉంది. ఏడో తరగతి పిల్లవాడి ఖాళీ సంచే ఒక కిలో ఉంటే, హద్దులో మూడో వంతు అక్కడే అయిపోయినట్లు! కొట్లో ముందుగా ఖాళీ సంచిని చేత్తో ఎత్తి చూడాలన్నది ఇందుకే.

మీరూ తూచి చూడండి

బరువు చూసే యంత్రం మీద సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి నిలబడండి. రెండు అంకెల తేడాయే సంచి బరువు. మీ తరగతిలో అందరి బరువులు, సంచుల బరువులు పట్టికగా రాయండి. ఎంతమంది సంచులు పదో వంతు దాటాయో లెక్కకట్టి, ఆ పట్టికను మీ ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు చూపండి. వీపు నొప్పి అని చెబితే సాకు అనుకోవచ్చు. అంకెలు చూపిస్తే మాత్రం ఎవరూ కాదనలేరు.