ముంగిలికి తగిన నేల

తెలుగువారు ఇంటి ఆవరణనంతటిని ఒకే పేరుతో వ్యవహరించలేదు. ముందున్నది ముంగిలి, వెనుకనున్నది పెరడు, గోడనానుకొని కూర్చోవడానికి కట్టినది అరుగు. ముంగిలి, వాకిలి, లోగిలి అనే శబ్దాలకు విభక్తి చేరినపుడు ముంగిట, వాకిట, లోగిట అనే రూపాలు ఏర్పడతాయని వ్యాకరణం బోధిస్తుంది. వీటిలో 'లోగిట' నేటి వాడుకలో అరుదైపోయింది. తక్కిన రెండు మాటలు నిలిచినా, అవి సూచించే స్థలం మాత్రం నగరాలలో నానాటికీ కుంచించుకుపోతున్నది. మిగిలిన ఆ కొద్ది స్థలంలో ఏ నేల పరచాలన్నది ఇల్లు కట్టేవారు చివరి క్షణంలో, దుకాణంలో కనిపించిన మెరుపును బట్టి నిర్ణయించే విషయమైంది.

పూర్వం ముంగిలి నేల మట్టిదే. తెల్లవారకముందే ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టేవారు. ఆ మట్టి వాననీటిని పీల్చుకునేది, పగటి వేడిని రాత్రికి విడిచిపెట్టేది. అయితే ఆ నేలను కేవలం పొగడి ఊరుకోవడం న్యాయం కాదు. వానాకాలంలో బురదను, అనుదినం చేయవలసిన చాకిరిని భరించినవారు ఇంటి స్త్రీలు. గచ్చు, ఆ తరువాత సిమెంటు వచ్చినపుడు వారు సంతోషించడంలో వింత లేదు.

విశాఖపట్నంలో ఈ ఎంపిక మరికొంత ఆలోచనను కోరుతుంది. ఉత్తరాన కైలాసగిరి శ్రేణికి, దక్షిణాన యారాడ కొండలకు నడుమ, సముద్రానికి అభిముఖంగా ఉన్న నగరమిది. కొండవాలుపై పడిన వాన నిలువక వేగంగా సముద్రంలోకి జారిపోతుంది. గాలిలో ఉప్పు ఉంటుంది. 1933లో ప్రారంభమైన ఓడరేవు నగరానికి జీవనాధారమైంది కాని, అక్కడ దిగుమతి అయ్యే బొగ్గు, ఎగుమతి అయ్యే ఇనుప ఖనిజం సమీప వీథుల ఇళ్ళపై ధూళిని కూడా చల్లుతున్నాయి. అటువంటి చోట తెల్లని నునుపైన పలకలు పరచినవారు వాటిని తెల్లగా ఉంచడానికి ప్రతిదినం బకెట్లకొద్దీ నీరు ధారపోయవలసి వస్తుంది.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు సహజసంపదగా లభించినది నాపరాయి. కడప బండ నలుపు, తాండూరు బండ పసుపు లేదా నీలిబూడిద వన్నె. బేతంచెర్ల రాయి కూడ ఈ కోవలోనిదే. ఇవన్నీ సున్నపురాతి జాతికి చెందినవి. కనుక వీటికి ఆమ్లం శత్రువు. నిమ్మరసమో, చింతపండు పులుసో ఒలికితే మచ్చ పడుతుంది. స్నానాల గది కడిగే ఆమ్లంతో శుభ్రం చేస్తే పైపొర చెడుతుంది. మెరుగు పెట్టని గరుకు పలకలు వానలో కాలు జారనీయవు. నల్లబండ మాత్రం ఎండను త్రాగి అరికాళ్ళను మాడ్చుతుంది. నీడ లేని ముంగిట లేతరంగు రాయి మేలు. నున్నని గ్రానైటు, ఇంటి లోపలికి ఉద్దేశించిన నునుపు టైల్సు ఆరుబయట వాడదగినవి కావు. తడిసిన నునుపు నేలపై వృద్ధులు జారిపడితే ఆ ఫలితం ఎముక విరగడమే.

ఇటీవల విస్తారంగా వాడుతున్నవి సిమెంటు పేవర్ బ్లాకులు. వీటిని కాంక్రీటు మీద గాక, గట్టిగా దిమ్మిస చేసిన గ్రావెల్‌పై సుమారు అంగుళం మందాన ఇసుక పరచి అమర్చుతారు. కారు నిలిపే చోట 60 మిల్లీమీటర్ల మందం కావాలి. బ్లాకుల సందులలో ఇసుకే నింపితే కొంత నీరు నేలలోకి దిగుతుంది; సిమెంటుతో పూడ్చితే ఆ ప్రయోజనం పూర్తిగా పోతుంది. పని త్వరగా ముగించాలని చాలామంది చేసే పొరపాటు ఇదే.

ఈ సందర్భంలో ఉక్కు కర్మాగారానికీ ఇంటి ముంగిలికీ గల బాంధవ్యం చెప్పుకోదగినది. విశాఖ ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. వాటిలో ఇనుము కరిగినపుడు పైకి తేలే మలినాన్ని నీటితో హఠాత్తుగా చల్లార్చగా ఇసుకవంటి స్లాగు ఏర్పడుతుంది. దానిని సిమెంటు తయారీలో కలుపుతారు. స్లాగు సిమెంటుతో చేసిన కాంక్రీటు మరింత చిక్కనై, ఉప్పులోని క్లోరైడును సులభంగా లోనికి చొరనీయదు. కాబట్టి తీరప్రాంతానికి అది అనువైనది. ఉక్కునగరమని పేరు పొందిన ఊరిలోనే ఇనుప గేట్లు సముద్రపు గాలికి త్వరగా తుప్పు పట్టడం ఒక చమత్కారం. జింకు పూత, ఏటేటా రంగు వాటికి తప్పనిసరి.

నేల ఏదైనా ఇంటి గోడనుండి బయటికి వాలు ఉండాలి. మీటరుకు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు చాలు. ఆ నీరు ఎక్కడికి పోతుందన్నదే అసలు ప్రశ్న. విశాఖలో ఏటా సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 30 గజాల ముంగిలి అంటే దాదాపు 25 చదరపు మీటర్లు. లెక్క కడితే ఆ కాస్త చోటున ఏడాదిలో పడే వాన 25,000 లీటర్లు! ముంగిలినంతటిని కాంక్రీటుతో కప్పితే అదంతా వీథి కాలువ పాలవుతుంది. తీరంలో మంచినీటి మట్టం తగ్గినకొద్దీ సముద్రపు ఉప్పునీరు భూమిలోపలికి చొచ్చుకువస్తుంది. ఒకసారి ఉప్పబారిన బావి తిరిగి తియ్యనిది కావడానికి ఏళ్ళు పడుతుంది. 2002 నాటి వాల్టా చట్టం కట్టడాలలో వాననీటి సేకరణను ఉద్దేశించినది ఇందుకే. ఇంకుడు గుంతను పునాదికి, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా త్రవ్వి, అడుగున పెద్ద రాళ్ళు, వాటిపై కంకర, ఆ పైన ఇసుక నింపితే ముంగిలి వాలును దానివైపు మళ్ళించవచ్చు. గుంత త్రవ్వే ముందు అడుగు లోతు గొయ్యిలో నీరు పోసి చూస్తే, అది ఎంతసేపటిలో ఇంకుతుందో, ఆ నేల స్వభావమేమిటో కొంత బోధపడుతుంది.

ముంగిలికి శోభ తెచ్చేవి చెట్లు. ఉప్పుగాలిని గన్నేరు, కాగితంపూల తీగ బాగా తట్టుకుంటాయి. గన్నేరు విషవృక్షం కనుక పసిపిల్లలున్న ఇంట దూరంగా నాటాలి. నందివర్ధనం, మందారం గోడ నీడన చక్కగా పెరుగుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినపుడు నగరంలో అసంఖ్యాకంగా చెట్లు నేలకూలాయి. చెట్టు మొదలుచుట్టూ సిమెంటు బిగిస్తే వేళ్ళకు నీరు, గాలి అందవు. చుట్టూ కనీసం మూడడుగుల మేర మట్టిని విడిచిపెట్టడం అవసరం.

ఇక ముగ్గు. నునుపు పలకపై ముగ్గుపిండి నిలువదు. చిన్న గాలికే చెదరిపోతుంది. అందువలననే పలువురు అంటించే ముగ్గులను ఆశ్రయిస్తున్నారు. గేటు లోపల నాలుగడుగుల వెడల్పున గరుకు నాపరాళ్ళు పరిపించి, తక్కిన చోట బ్లాకులు, మట్టి ఉంచుకొన్న ఇంట సంక్రాంతినాడు రథం ముగ్గుకు, గొబ్బెమ్మలకు వాకిట చోటు దొరుకుతుంది.