శుక్రవారమే ఆదివారం!

అమీర్‌పేటలో కోర్సు చేసి, కువైట్‌లో ఉద్యోగం తెచ్చుకున్న క్రైస్తవ కుటుంబానికి ముందు తిరగబడేది క్యాలెండరే. అక్కడ సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారమంటే ఆఫీసు, పిల్లలకి బడి. అందుకే తెలుగు ఆరాధన చాలామటుకు శుక్రవారమే. క్రిస్మస్ పనిరోజున పడితే లీవు పెట్టాల్సిందే. (యూఏఈ 2022లో సెలవుల్ని శని, ఆదివారాలకి మార్చేసింది. అక్కడివాళ్లకి ఈ తంటా లేదు!)

పంజాగుట్టలో అమ్మ ఆదివారం చర్చి నుంచి వచ్చి పన్నెండున్నరకి వీడియో కాల్ చేస్తుంది. అక్కడ పది. కొడుకు మీటింగ్‌లో ఉంటాడు.

"చర్చికెళ్లావా నాన్నా?"

"మొన్నే వెళ్లొచ్చామమ్మా."

ఆ 'మొన్న' మీద ఆవిడకి ఎప్పుడూ చిన్న అనుమానమే. ఈమధ్య శుక్రవారం కూడా ఫోన్ పట్టుకుని కూర్చుంటోంది, మనవరాలు పాడేది లైవ్‌లో చూడ్డానికి.