వెల్డింగ్ కార్మికుల కంటి రక్షణ: ఆటో డార్కెనింగ్ హెల్మెట్ ఎంపికలో గమనించవలసిన అంశాలు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు మొదలుకొని విశాఖపట్నంలో ఓడలు నిర్మించే యార్డు వరకు, పల్లెలో ట్రాక్టరు ట్రాలీకి అతుకు వేసే దుకాణం మొదలుకొని పట్టణాల్లో ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్స్ తయారు చేసే షాపుల వరకు వెల్డింగ్ లేనిదే పని సాగదు. ఈ వృత్తిలో ఉన్నవారందరికీ పరిచయమైన బాధ ఒకటి ఉన్నది. పగలంతా పని చేసి ఇంటికి వెళ్లి పడుకున్న తరువాత అర్ధరాత్రి వేళ కళ్లలో ఇసుక పోసినట్లు మంట మొదలవుతుంది. నీరు ధారగా కారుతుంది. దీపం వైపు చూడడం సాధ్యం కాదు.

ఆర్క్ నుంచి కంటికి కనిపించే వెలుగుతో పాటు కనిపించని అతినీలలోహిత, పరారుణ కిరణాలు కూడా వెలువడతాయి. అతినీలలోహిత కిరణాలు కార్నియా పైపొరను కాల్చివేస్తాయి. వైద్యులు ఫోటోకెరటైటిస్ అని పిలిచే ఈ గాయం లక్షణాలు సాధారణంగా 6 నుంచి 12 గంటల తరువాత బయటపడతాయి. కాబట్టి పని చేస్తున్నప్పుడు హాని జరుగుతున్నట్లు కార్మికునికి తెలియదు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది గనుక దీనిని వృత్తిలో భాగంగానే భావించడం పరిపాటి అయింది. పరారుణ కిరణాల వలన శుక్లాలు, తీవ్రమైన వెలుగు వలన రెటీనా గాయాలు కలిగే ప్రమాదం దీనికి అదనం. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2017లో జరిపిన సమీక్షలో వెల్డింగ్ నుంచి వెలువడే అతినీలలోహిత కిరణాలను మానవులలో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది.

పనిలో ఎగిరే తునకల వలన గాని, మితిమీరిన కాంతి వలన గాని కళ్లకు ముప్పు ఉన్న చోట తగిన తెరలు లేదా కళ్లద్దాలు సమకూర్చేలా నియమాలు చేసే అధికారాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ చట్టం స్థానంలో వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చింది. అయితే ఈ స్మృతి సాధారణంగా 10 మంది, అంతకు మించి కార్మికులు ఉన్న సంస్థలకు వర్తిస్తుంది. యజమాని, ఒక పనివాడు, ఒక సహాయకుడు మాత్రమే ఉండే రోడ్డు పక్క షాపు దీని పరిధిలోకి రాదు. అక్కడ కంటి రక్షణ షాపు యజమాని విడిభాగాల దుకాణంలో ఏది కొనుక్కుంటాడన్న దానిపైనే ఆధారపడి ఉన్నది. చలువ కళ్లద్దాలతో, లేదా కళ్లు మూసుకుని ముఖం పక్కకు తిప్పి అతుకు వేసేవారు నేటికీ కనిపిస్తారు. చలువ కళ్లద్దాలు ఎండకు ఉద్దేశించినవే గాని ఆర్క్‌కు కాదు.

చేతితో పట్టుకునే షీల్డ్‌కు నల్లద్దం ఉంటుంది. దాని గుండా చూస్తే ఆర్క్ వెలిగే వరకు ఏమీ కనిపించదు. అందువల్ల రాడ్డును సరైన చోట ఆనించే వరకు షీల్డ్‌ను పక్కన పెట్టుకోవడం, మొదటి మెరుపును వట్టి కంటితో చూడడం జరుగుతుంది. ఆటో డార్కెనింగ్ హెల్మెట్ ఈ ఇబ్బందిని తొలగిస్తుంది. 1980ల ఆరంభంలో స్వీడన్ నుంచి మార్కెట్‌లోకి వచ్చిన ఈ పరికరంలో ధ్రువణ పొరల మధ్య ద్రవ స్ఫటికం ఉంటుంది. ఆర్క్ వెలుగును సెన్సర్లు పసిగట్టిన వెంటనే, సెకనులో వేల వంతు కన్నా తక్కువ కాలంలో, అద్దం నల్లబడుతుంది. రెండు చేతులూ పనికి దొరుకుతాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. కార్నియాను కాపాడేది అద్దం నల్లబడడం కాదు. అతినీలలోహిత, పరారుణ కిరణాలను ఆపే ప్రత్యేక పూత అద్దంలో శాశ్వతంగా ఉంటుంది. ప్రమాణాలకు లోబడి తయారైన హెల్మెట్‌లో బ్యాటరీ అయిపోయినా ఆ రక్షణ కొనసాగుతుంది. అప్పుడు లోపించేది కనిపించే వెలుగు నుంచి రక్షణ మాత్రమే. ఆ పూత ఉన్నదా లేదా అన్నది ఏ కార్మికుడూ చూసి చెప్పలేడు. అద్దం చక్కగా నల్లబడుతూనే అడ్డుకోవలసిన కిరణాలను లోపలికి వదిలే నాసిరకం సరుకు, వెలుగు బాధ తెలియనివ్వదు గనుక, మరింత ప్రమాదకరం. పెట్టెపై పెద్ద అక్షరాలతో కనిపించేది 'సెకనులో 25 వేల వంతు' అన్న వేగమే. ముద్రించడానికి అదే సులభం కాబోలు. కొనేవారు మొదట చూడవలసినది అద్దం మీద ప్రమాణం గుర్తును.

భారతీయ ప్రమాణాలలో వెల్డింగ్ కంటి, ముఖ రక్షణ పరికరాలకు సంబంధించినది ఐఎస్ 1179. ఆటో అద్దాలపై ఎక్కువగా కనిపించేది యూరోపియన్ ప్రమాణమైన ఈఎన్ 379. దాని స్థానంలో ఐఎస్ఓ 16321 ప్రమాణాలు వచ్చినందున కొత్త సరుకుపై ఆ సంఖ్య ఉండవచ్చు. ఈఎన్ 379 అద్దంపై '4/9-13' అని ఉంటే, మామూలు స్థితిలో షేడ్ 4, నల్లబడినప్పుడు 9 నుంచి 13 వరకు మార్చుకోవచ్చునని అర్థం. దాని తరువాత వచ్చే '1/1/1/2' వంటి నాలుగు అంకెలు అద్దం నాణ్యతను తెలుపుతాయి. ఒకటి ఉత్తమం, మూడు అధమం. చివరి అంకె పక్కవాటుగా చూసినప్పుడు నలుపు ఎంత సమంగా ఉంటుందో చెబుతుంది. వంగి, ఒరిగి పని చేసే మన షాపులలో ఆ అంకెకు ప్రాధాన్యం ఎక్కువ.

షేడ్ నంబరు ఒకటి పెరిగితే లోపలికి వచ్చే వెలుగు సుమారు రెండున్నర రెట్లకు పైగా తగ్గుతుంది. అమెరికా వృత్తిపర భద్రతా సంస్థ సూచికల ప్రకారం రాడ్డు వెల్డింగ్‌కు 60 నుంచి 160 ఆంపియర్ల వరకు షేడ్ 10, 160 నుంచి 250 వరకు షేడ్ 12 తగినవి. టిగ్ వెల్డింగ్‌కు 50 నుంచి 150 ఆంపియర్లలోనే షేడ్ 12 సూచించారు. కాబట్టి గ్రిల్స్ పనికి ఒకే స్థిరమైన షేడ్ చాలినా, పలు రకాల పనులు చేసేవారికి మార్చుకోగలిగినది అవసరం. గ్యాస్ కటింగ్‌కు మాత్రం ఈ హెల్మెట్‌పై ఆధారపడరాదు. ఆ మంటను సెన్సర్లు గుర్తించకపోవచ్చు. దానికి తగిన షేడ్ గల గాగుల్స్ వేరుగా ఉండాలి.

సెన్సర్లు రెండింటికన్నా నాలుగు మేలు. పైపు చాటున పని చేసేటప్పుడు రెండూ మరుగున పడితే ఆర్క్ వెలుగుతుండగానే అద్దం తేటపడుతుంది. సున్నితత్వాన్ని సవరించే మీట ఉండడం మన ఎండలకు ముఖ్యం. ఆరుబయట సూర్యకాంతికే అద్దం నల్లబడిపోతుంటే, విసుగెత్తిన కార్మికుడు హెల్మెట్ తీసి పక్కన పెడతాడు. బరువు కూడా అంతే. అరకిలో దాటితే సాయంత్రానికి మెడ నొప్పి. సౌర ఫలకం ఉన్నదని బ్యాటరీని ఉపేక్షించరాదు. బ్యాటరీ మార్చడానికి వీలు లేని రకాలలో అది అయిపోతే హెల్మెట్ మొత్తం వృథా.

గ్రైండింగ్ మీట సౌకర్యమే గాని దానిలో ఒక చిక్కు ఉన్నది. ఆ స్థితిలో అద్దం నల్లబడదు. తిరిగి మార్చడం మరచి రాడ్డు అంటిస్తే మెరుపు నేరుగా కంటిలో పడుతుంది. హెచ్చరిక దీపం ఉన్న రకాన్ని ఎంచుకోవడం మంచిది. స్లాగ్ పెచ్చులు కొట్టేటప్పుడు హెల్మెట్ ఎత్తడం అలవాటైనవారు లోపల మామూలు రక్షణ కళ్లద్దాలు ధరించాలి. ముక్క పట్టుకుని ఎదురుగా కూర్చునే సహాయకునికి చాలాచోట్ల ఏ రక్షణా లేదు. ఆర్క్‌కు దగ్గరగా ఉండే అతనికి కూడా హెల్మెట్ గాని షీల్డ్ గాని అవసరం.

పారిశ్రామిక శిక్షణ సంస్థలకు, ప్రభుత్వ వర్క్‌షాపులకు కొనుగోలు చేసే అధికారులు టెండరులో 'ఆటో డార్కెనింగ్ హెల్మెట్' అని మాత్రమే పేర్కొంటే తక్కువ ధరకు వచ్చేది నాసిరకం కావచ్చు. ప్రమాణం సంఖ్య, షేడ్ పరిధి, నాణ్యత అంకెలు, సెన్సర్ల సంఖ్య, మార్చదగిన బ్యాటరీ, విడిగా దొరికే పైఅద్దాలు, పరీక్షా ధ్రువపత్రం అన్న ఏడింటినీ నిబంధనలలో చేర్చడం అవసరం. సరుకు అందినప్పుడు ప్రతి అద్దంపై ఉన్న గుర్తును ధ్రువపత్రంతో పోల్చి చూడాలి. పెట్టెపై ఉన్న గుర్తును లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

ఇంత జాగ్రత్త పడినా మెరుపు తగిలి రాత్రి మంట మొదలైతే, కళ్లలో తల్లిపాలు పోయడం, మందుల షాపులో అడిగి మత్తు చుక్కలు వేసుకోవడం చేయరాదు. మత్తు చుక్కలు నొప్పిని ఆపుతాయి గాని పదే పదే వేస్తే కార్నియా మానడాన్ని ఆలస్యం చేస్తాయి, పుండుకు దారి తీస్తాయి. కళ్లు నలపకుండా, వెలుగుకు దూరంగా ఉండి, ఉదయానికల్లా సమీపంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి వైద్యునికి చూపించుకోవలెను.