జావా అడిగితే జావాస్క్రిప్ట్ వాళ్ళని పంపకండి: సోర్సింగ్ అసలు ఎలా చేయాలి?

ఈమధ్య ఒకటే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. "అన్నా, కన్సల్టెన్సీలో రిక్రూటర్‌గా చేరాను. రోజుకి 100 కాల్స్ చేస్తున్నా, ఒక్క జాయినింగ్ కూడా అవ్వట్లేదు. 3 నెలల్లో టార్గెట్ కొట్టకపోతే తీసేస్తామంటున్నారు."

నేను రిక్రూటర్‌ని కాదు. కానీ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ ఫోన్‌కి ఇవతలి వైపు ఉన్నా. నా రెజ్యూమెలో ఉన్నది జావా. వచ్చే కాల్స్‌లో సగం జావాస్క్రిప్ట్ కోసం. మొదటి రెండక్షరాలు కలిశాయి కదా, సరిపోతుందిలే అనుకునేవాళ్ళేమో!

తప్పు జరిగేది ఫోన్ దగ్గర కాదు, అంతకంటే ముందే. జాబ్ డిస్క్రిప్షన్‌లో 12 స్కిల్స్ ఉంటాయి. చాలాసార్లు అది పాత ఫైల్ నుంచి కాపీ కొట్టిందే. అందుకే వెతికేముందు హైరింగ్ మేనేజర్‌ని 10 నిమిషాలు అడగండి. ఈ మనిషి చేరాక మొదటి 3 నెలలు ఏం పని చేయాలి? ఈ 12లో ఏ మూడు లేకపోతే అస్సలు కుదరదు? ఆఫీసుకి వారానికి ఎన్ని రోజులు రావాలి? బడ్జెట్ ఎంత? అప్పటికీ క్లారిటీ రాకపోతే అదే రోజు ఓ మూడు ప్రొఫైల్స్ పంపి, "వీళ్ళలో ఎవరు వద్దు, ఎందుకు వద్దు?" అనండి. "ఎలాంటివాళ్ళు కావాలి" అంటే నీళ్ళు నమిలే మేనేజర్ కూడా, ఎందుకు వద్దో మాత్రం టకటకా చెప్పేస్తాడు.

ఇప్పుడు సెర్చ్. లింక్డ్‌ఇన్‌లో ఆండ్, ఆర్, నాట్ అనే మూడు మాటలతో వెతకొచ్చు, ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో టైప్ చేయాలి. దీన్నే బూలియన్ సెర్చ్ అంటారు. 1854లో లాజిక్ మీద పుస్తకం రాసిన జార్జ్ బూల్ పేరది. బీటెక్‌లో ట్రూత్ టేబుల్స్ వేసి మర్చిపోయాం చూడండి, అదే.

ఇందులో ఎక్కువ పనికొచ్చేది ఆర్. ఒకే పనికి ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ అంటారు, ఇంకోచోట ఎస్‌డీఈ, మరోచోట మెంబర్ టెక్నికల్ స్టాఫ్. ఒక్క పేరుతోనే వెతికితే మిగతావాళ్ళు మీకు కనిపించరు. నాట్‌తో మాత్రం జాగ్రత్త. "నాట్ జావాస్క్రిప్ట్" అని కొడితే, జావాలో దిట్ట అయ్యుండి ప్రొఫైల్ చివర్లో ఒక్కసారి జావాస్క్రిప్ట్ అని రాసుకున్నవాడు కూడా ఎగిరిపోతాడు.

కంపెనీ పెయిడ్ లాగిన్ ఇవ్వలేదా? గిట్‌హబ్‌లో ఊరు, ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ పెట్టి డెవలపర్లని ఫ్రీగా వెతకొచ్చు. రెజ్యూమె కాదు, వాళ్ళు రాసిన కోడే కనిపిస్తుంది.

మెసేజ్‌లో "ఎక్సలెంట్ ఆపర్చునిటీ" అని రాయకండి, ఎవరూ చదవరు. పని ఏంటి, ఊరేది, జీతం ఎంత నుంచి ఎంతవరకు, వాళ్ళ ప్రొఫైల్‌లో మీకు నచ్చిందేంటి... నాలుగు లైన్లు చాలు. ఆఫీస్ మెయిల్ ఐడీ నుంచే పంపండి, ఫేక్ జాబ్స్ దెబ్బకి జనం ప్రతి మెసేజ్‌నీ అనుమానిస్తున్నారు.

నోటీస్ పీరియడ్ మొదటి కాల్‌లోనే అడగండి. మన ఐటీలో 90 రోజులు మామూలే. ఆ 90 రోజుల్లో అతనికి ఇంకో రెండు ఆఫర్లు రావొచ్చు. రెండు వారాలకోసారి పలకరించకపోతే జాయినింగ్ రోజు ఫోన్ స్విచాఫ్.

ఇంకోటి. సెలెక్ట్ కానివాళ్ళకి కూడా ఆ మాట చెప్పండి. ఒక కంపెనీకి నేను 4 రౌండ్లు ఇచ్చా. తర్వాత ఆ రిక్రూటర్ నా ఫోనే ఎత్తలేదు. రెండేళ్ళ తర్వాత వేరే కంపెనీ నుంచి ఆయనే కాల్ చేశారు, సరిగ్గా నా స్కిల్స్‌కే. నెంబర్ సేవ్ అయ్యే ఉంది. నేనూ ఎత్తలేదు.