ఏడాదికో పేరు పెరిగే జాబితా

కర్ణాటక రాష్ట్రానికి ఎన్నో ఏడు వచ్చిందో తెలుసుకోవాలంటే క్యాలెండరు తిప్పక్కర్లేదు. నవంబరు 1కి ముందు బెంగళూరులో ప్రకటించే రాజ్యోత్సవ ప్రశస్తి జాబితాలో మనుషులను లెక్కపెడితే చాలు. 2015లో 60 మంది. 2022లో 67. 2023లో 68. 2025లో 70. రాష్ట్రానికి ఏడాది వయసు పెరిగితే జాబితాలో ఒక పేరు పెరుగుతుంది. 2023లో రాష్ట్రం పేరు మైసూరు నుంచి కర్ణాటకగా మారి యాభై ఏళ్లయిన సందర్భంగా పది సంస్థలను కూడా సత్కరించారు గానీ, మనుషుల లెక్క మాత్రం దాటలేదు.

తెలుగువాళ్లకు ఈ తేదీ కొత్తది కాదు. 1956 నవంబరు 1నే ఆంధ్రప్రదేశ్ కూడా పుట్టింది. ఇద్దరిదీ ఒకటే పుట్టినరోజు. కర్ణాటకవాళ్లు 1966 నుంచి ఆ రోజున తమ మనుషులను పిలిచి, మైసూరు పేటా పెట్టి, శాలువా కప్పుతున్నారు. సాహిత్యం, జానపదం, యక్షగానం, వ్యవసాయం, వైద్యం, విజ్ఞానం, క్రీడలు, సినిమా, సమాజసేవ... ఏ రంగమూ వదలరు. ఇప్పుడైతే 5 లక్షల రూపాయలు, 25 గ్రాముల బంగారు పతకం ఇస్తున్నారు. ఇస్రో మాజీ అధిపతి కె. శివన్, ఊరూరా తిరిగి పాడే జానపద గాయకుడు ఒకే వరసలో కూర్చునే వేదిక అది.

వయసుకు తగ్గ సంఖ్య అన్న నియమం వెనక ఒక చేదు అనుభవం ఉంది. అక్టోబరు వచ్చిందంటే విధానసౌధ చుట్టూ సిఫార్సు ఉత్తరాలు తిరిగేవి. మా జిల్లాకు ఒకటి, మా కులానికి ఒకటి, మా ఎమ్మెల్యే చెప్పినవాడికి ఒకటి. చివరి రాత్రి దాకా పేర్లు చేరుతూనే ఉండేవి. 2010లో ఆ సంఖ్య 162కి చేరింది. పప్పుబెల్లాల్లా పంచారని తిట్టనివాళ్లు లేరు. ఆ తర్వాత పగ్గాలు బిగించారు. ఏళ్లతో ముడిపెట్టిన లెక్కకు ఒక సుళువు ఉంది: మంత్రిగారు ఇంకొక్కటి అన్నా, అరవైఒకటో పేరుకు వచ్చే ఏడాది దాకా చోటు లేదని అధికారి చెప్పగలడు.

అయితే ఆ తిట్లు తిన్న 2010 జాబితాలోనే బళ్లారి జిల్లాకు చెందిన మంజమ్మ జోగతి పేరు ఉంది.

మంజునాథ శెట్టిగా పుట్టిన మనిషి. పదిహేనేళ్ల ప్రాయంలో తనలోని ఆడతనం బయటపడితే ఇంట్లోవాళ్లు హొసపేట దగ్గరి హులిగెమ్మ గుడికి తీసుకెళ్లి జోగప్పగా దీక్ష ఇప్పించారు. దేవతకు అప్పగించాక ఆ ఇల్లు ఆమెది కాకుండా పోయింది. చీర కట్టుకుని వీధుల్లో అడుక్కున్న రోజుల్లో దావణగెరెలో ఒక తండ్రీకొడుకుల జోడీ ఆమె కంటపడింది. తండ్రి పాడుతుంటే కొడుకు నెత్తిన బిందె జారకుండా ఆడుతున్నాడు. ఆ ఆట అక్కడే నేర్చుకుంది. తర్వాత కాళవ్వ జోగతి బృందంలో చేరి ఎల్లమ్మ కథలు ఆడింది. మన తెలంగాణ పల్లెల్లో ఎల్లమ్మ పండగ చూసినవారికి ఆ మెళ్లో గవ్వలు, నెత్తిన అమ్మవారి కొలువు కొత్త కావు. ఊరేగింపులో ఆడేవాళ్లకు దండం పెడతాం. పండగ అయ్యాక వాళ్లు ఎక్కడ పడుకుంటారని అడగం.

రాష్ట్రం ఆమెను 2010లో గుర్తించింది. 2019లో కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలిని చేసింది. పద్మశ్రీకి ఢిల్లీ పిలుపు 2021లో అందింది. ఆ నవంబరు 9న రాష్ట్రపతి భవన్‌లో ఆమె ఎర్రతివాచీ మీద ఆగి, నేలను తాకి, కొంగు చివర పట్టుకుని అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌కు దిష్టి తీసింది. ప్రొటోకాల్ పుస్తకంలో ఆ పద్ధతి లేదు. ఆయన నవ్వుతూ నిలబడ్డారు. ఒకప్పుడు ఊళ్లో జనానికి దీవెన ఇచ్చి చిల్లర తీసుకున్న చెయ్యి అది.

అందుకే సంఖ్య తగ్గితే గౌరవం పెరుగుతుందన్న మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. 162 మందిలోనూ ఒక మంజమ్మ దొరికింది. అరవై మందిలో అరవైమందీ పలుకుబడిగలవాళ్లే కావచ్చు. అసలు ప్రశ్న వెతికింది ఎవరన్నది. మనిషి ప్రభుత్వం చుట్టూ తిరిగాడా, ప్రభుత్వం మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లిందా?

రాష్ట్ర స్థాయి గౌరవానికి ఉన్న బలం దగ్గరితనమే. ఉత్తర కన్నడ జిల్లా అంకోలా తాలూకాలోని హొన్నళ్లిలో తులసి గౌడ అని హాలక్కి తెగ ఆడమనిషి. బడి మెట్లెక్కలేదు. అటవీశాఖ నర్సరీలో కూలీగా చేరి దశాబ్దాలు పనిచేసింది. ఏ జాతిలో ఏది తల్లిచెట్టో, దాని గింజ ఎప్పుడు ఏరాలో, మొలక ఎప్పుడు చాళ్లలోకి మార్చాలో ఆమె చెబితే ఆఫీసర్లు రాసుకునేవారు. రవికె లేకుండా చుట్టిన చీర, మెడ నిండా పూసల దండలు, ఉత్తకాళ్లు. రాజ్యోత్సవ ప్రశస్తి ఆమెకు 1999లోనే వచ్చింది. అదే వేషంలో ఆమె పద్మశ్రీ అందుకున్న ఫొటో దేశమంతా చూసింది 2021 నవంబరులో. మధ్యలో ఇరవై రెండేళ్లు. నర్సరీ పక్కన ఉన్న రేంజర్‌కు ఎప్పుడో తెలిసిన సంగతి ఢిల్లీకి చేరడానికి పట్టిన కాలం అది. 2024 డిసెంబరులో ఆమె కన్నుమూసింది.

మంగళూరులో నారింజలు అమ్మిన హరేకళ హాజబ్బకూ రాష్ట్రం ముందు, కేంద్రం తర్వాత. విదేశీ దంపతులు పండు ధర ఇంగ్లీషులో అడిగితే జవాబు చెప్పలేక సిగ్గుపడ్డవాడు, తన ఊళ్లో పిల్లలకు ఆ పరిస్థితి రాకూడదని గంపలో మిగిలిన డబ్బులతో బడి కట్టించాడు. పద్మశ్రీ వచ్చిందని ఫోన్ మోగినప్పుడు ఆయన రేషన్ షాపు లైనులో ఉన్నాడు.

అదే రాష్ట్రం ఇచ్చే కర్ణాటక రత్న వ్యవహారం వేరు. అది ఏటా ఇచ్చేది కాదు. 1992లో కువెంపు, డాక్టర్ రాజ్‌కుమార్‌లతో మొదలై ముప్పై ఏళ్లలో పట్టుమని డజను మందికి కూడా ఇవ్వలేదు. 2022 నవంబరు 1న పునీత్ రాజ్‌కుమార్‌కు మరణానంతరం ఇచ్చినప్పుడు విధానసౌధ ముందు వాన దంచికొట్టింది. రజనీకాంత్‌తో పాటు అతిథిగా వెళ్లిన మన జూనియర్ ఎన్టీఆర్ కన్నడంలోనే మాట్లాడారు; వాళ్లమ్మగారిది కుందాపుర. 2025లో విష్ణువర్ధన్‌తో పాటు బి. సరోజాదేవికి కూడా మరణానంతరం ప్రకటించారు. ‘పాండురంగ మహత్యం’, ‘జగదేకవీరుని కథ’ చూసిన మనకు ఆమె ఇంటిమనిషే. పోయాక ఇచ్చే గౌరవాల మీద నాకు పెద్ద మోజు లేదు. ఆ ఏడాది జులై దాకా ఆమె బెంగళూరులోనే ఉన్నారు కదా!

మరి మన సంగతి? కళాకారులకు, కవులకు ఉగాది పురస్కారాలు, కళారత్నలు ఉన్నాయి. అవి ప్రధానంగా కళలకే. 2021 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ కూడా రైతులను, కళాకారులను, పాత్రికేయులను, కోవిడ్‌లో ముందువరసలో నిలబడినవారిని పిలిచి పది లక్షలు, ఐదు లక్షల చొప్పున ఇచ్చింది. ఆలోచన మంచిది, తేదీ సరైనది. పేరు మాత్రం వైఎస్సార్ పురస్కారాలు. ఆయన ఎంత పెద్ద నాయకుడైనా, ఒక పార్టీ బోర్డు మీద ఉన్న పేరుతో ఇచ్చే రాష్ట్ర గౌరవం ఎన్నికల ఫలితాలతో పాటు ఊగుతుంది. బెంగళూరులో కాంగ్రెస్, జనతాదళ్, బీజేపీ మారి మారి గద్దెనెక్కినా రాజ్యోత్సవ ప్రశస్తి బతికి ఉండడానికి ఒక కారణం, అందులో ఎవరి పేరూ లేకపోవడం.

తెలంగాణ పుట్టిన కొత్తలో జూన్ 2న 1,00,116 రూపాయల చొప్పున అవతరణ పురస్కారాలు ఇచ్చింది. చివరన ఆ నూటపదహార్లు చూసి ముచ్చటేసింది. తర్వాత లెక్క కోట్లలోకి వెళ్లింది: అందెశ్రీ, గద్దర్, గూడ అంజయ్య వంటి తొమ్మిది మందికి కోటి చొప్పున, ఇంటిస్థలంతో సహా. ఉద్యమ రుణం తీర్చుకోవడంగా దాన్ని అర్థం చేసుకోవచ్చు. కానీ పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యను రాష్ట్రం 2015 ఉగాదికి సత్కరించింది, కేంద్రం 2022లో పద్మశ్రీ ఇచ్చింది, 2024 మే నెలలో ఆయన హైదరాబాద్ శివార్లలో భవన నిర్మాణ కూలీగా కనిపించాడు. నెలనెలా రావలసిన గౌరవభృతి ఆగిందని ఆయనే చెప్పుకున్నాడు. పతకం ఇచ్చిన శాఖ, పింఛను ఫైలు నడిపే శాఖ ఒకరినొకరు పలకరించుకోరు కాబోలు.

కర్ణాటకలోనూ అంతా బాగుందని కాదు. ఏళ్ల తరబడి అర్హత అంటే దరఖాస్తు నింపడమే. తనను తాను పొగుడుకుంటూ, పేపరు కటింగులు జతచేసి, మూడు కాపీలు ఇవ్వడం తులసి గౌడకు చేతనవుతుందా? అందుకే 2025 జాబితాను దరఖాస్తుల్లోంచి కాకుండా కమిటీలే వెతికి తయారుచేశాయని ప్రభుత్వం చెప్పుకుంది. ఆ డెబ్బైలో మనకు బాగా తెలిసిన ప్రకాశ్‌రాజ్ ఉన్నారు. బెంగళూరు పత్రికలు కూడా ఎప్పుడూ వినని పేర్లూ ఉన్నాయి. నాకు ఆసక్తి ఆ రెండో రకం మీదే.

అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ఎవరైనా రేపు ఇలాంటి పనికి పూనుకుంటే కలెక్టర్ల నుంచి ప్రతిపాదనలు తెప్పించుకోవడంతో మొదలుపెట్టకుండా ఉంటే బాగు. మన్యంలో బీట్ ఆఫీసరును, పల్లె సబ్‌సెంటర్‌లోని ఏఎన్ఎంను, పోస్ట్‌మ్యాన్‌ను అడగాలి. మీ చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా ఎవరూ చెప్పకుండానే ఏదో పని చేస్తున్నదెవరని. పేర్లు చెప్పడానికి వాళ్లకు ఫారం అక్కర్లేదు.