అనంత జాబితా (ఫంక్షనల్ ప్రోగ్రామింగ్)

అనంత జాబితా లేదా లేజీ స్ట్రీమ్ అనేది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలలో అంతం లేని సమాచార వరుసను సూచించే నిర్మాణం. ఇందులోని అంశాలు ముందుగా గణించబడవు. అడిగినపుడు, అడిగినంత మేరకే గణించబడతాయి. ఈ పద్ధతిని లేజీ ఎవాల్యుయేషన్ అంటారు.

చరిత్ర

పీటర్ లాండిన్ 1965లో స్ట్రీమ్‌లను వర్ణించాడు. 1976లో డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్‌లు ఒకవైపు, పీటర్ హెండర్సన్, జేమ్స్ మోరిస్‌లు మరొకవైపు లేజీ ఎవాల్యుయేషన్‌ను వేర్వేరుగా ప్రతిపాదించారు. ఈ పద్ధతిపై ఆధారపడిన మిరాండా భాష 1985లోను, హాస్కెల్ 1990లోను వెలువడ్డాయి.

పనిచేయు విధానం

హాస్కెల్‌లో [1..] అనేది 1 నుండి మొదలయ్యే పూర్ణసంఖ్యల అనంత జాబితా. దాని నుండి మొదటి ఐదింటిని కోరితే [1,2,3,4,5] వస్తుంది. మిగిలిన భాగం "థంక్" అనబడే గణించని రూపంలో నిలిచి ఉంటుంది.

హైదరాబాదులోని అఫ్జల్‌గంజ్ బస్టాపులో సికింద్రాబాదు బస్సు కొరకు వేచియున్న ప్రయాణికునితో దీనిని పోల్చవచ్చును. రాబోవు బస్సులన్నింటి వివరం అతనికి అవసరం లేదు. వచ్చిన బస్సును చూచి, తనది కానిచో విడిచి, తరువాతి దాని కొరకు చూస్తాడు. "ఫిల్టర్" ప్రమేయం చేసే పని ఇదే.

జాగ్రత్తలు

ముగియని గణన: [1..] నుండి 10 కంటే చిన్న సంఖ్యలన్నింటినీ ఫిల్టర్ ద్వారా కోరితే 9 వరకు వచ్చి, ప్రోగ్రాము అక్కడే నిలిచిపోతుంది. ఇకపై చిన్న సంఖ్య రాదని ఫిల్టర్‌కు తెలియదు. చివరి బస్సు వెళ్ళిపోయిందని తెలియని ప్రయాణికుని వలె అది వెదకుతూనే ఉంటుంది. "టేక్‌వైల్" ప్రమేయమైతే 10 ఎదురుకాగానే ఆగిపోతుంది.

మెమరీ వృథా: కోటి సంఖ్యల జాబితాను ఒక్కసారి మాత్రమే కూడితే, వాడిన అంశాలను గార్బేజ్ కలెక్టర్ వెంటనే తొలగించగలదు. అదే జాబితాకు పేరు పెట్టి, మొదట మొత్తమును, పిదప అంశాల సంఖ్యను లెక్కిస్తే, రెండవ లెక్క కొరకు కోటి అంశాలూ మెమరీలో నిలిచిపోతాయి. దీనిని "స్పేస్ లీక్" అంటారు. రెండు లెక్కలనూ ఒకే మారు నడుపుతూ, ప్రతి దశలో విలువలను వెంటనే గణింపజేయడం దీనికి పరిష్కారం. వెంటనే గణించకపోతే, ఈసారి థంక్‌లు పేరుకుపోతాయి.

ఫైళ్ళు: ఫైలును లేజీగా చదివేటపుడు, అంశాలను వాడుకొనక ముందే ఫైలును మూసివేస్తే మిగిలిన సమాచారం అందదు.

ఇతర భాషలలో

పైథాన్‌లో జనరేటర్లు (2001), జావా 8లో స్ట్రీమ్‌లు (2014) ఇటువంటి సౌకర్యాన్ని కల్పించాయి. అయితే వీటిలో ఒకసారి వాడిన అంశం తిరిగి లభించదు. హాస్కెల్ జాబితాలో గణించిన విలువ నిలిచి ఉంటుంది. దాని సౌలభ్యానికీ, మెమరీ సమస్యకూ కారణం ఇదే.